నీళ్ళు నిలిస్తేనే వస్తానన్న మా మరదలు

మా మరదలు ఈత టీచరుగా మొట్టమొదట కష్టపడి గెలిచింది ఏమిటని ఎవరైనా అడిగితే, కండక్టరమ్మ చేత కమ్మీ వదిలించడం అని చెబుతాను. బస్సు కమ్మీ కాదు, వాళ్ళ పెరట్లో ఈతకొలను అంచున ఉండే స్టీలు కమ్మీ. కుదుపుల బస్సులో ఏ ఆధారమూ లేకుండా నిలబడి ఉద్యోగమంతా టిక్కెట్లు కొట్టిన మనిషి, నడుము లోతు నీళ్ళలో దిగేసరికి ఆ కమ్మీని బల్లిలా కరుచుకుపోయింది.

"వదలమ్మా, నేనున్నాగా," అనేది మా మరదలు.

"నువ్వుంటావు టీచరమ్మా. నేనుండొద్దూ?" అనేది కండక్టరమ్మ.

ఎండాకాలం సగం ఇలాగే గడిచింది. ఆమె మొగుడు, మా తమ్ముడైతే, "ఆవిడకి ఈత ఎటూ రాదుగానీ, ఆ కమ్మీ కోసి ఇంటికిచ్చి పంపెయ్," అన్నాడు. చివరికి ఒకరోజు మా మరదలు ఆమె వీపు కింద అరచెయ్యి పెట్టి, "మీ రూటులో స్టాపులన్నీ వరసగా అరవండి చూద్దాం," అంది. కండక్టరమ్మకి అది ఊపిరి పీల్చినంత అలవాటు. కళ్ళు మూసుకుని, గొంతెత్తి, డిపో దగ్గర మొదలుపెట్టింది. మార్కెట్టు దాటింది, ఆసుపత్రి దాటింది, రైలు గేటు దాటింది. ఆఖరి స్టాపు అరిచేసరికి రెండు చేతులూ నీళ్ళమీద తేలుతున్నాయి. కమ్మీ ఎక్కడో ఉంది. వీపు కింద మా మరదలి చెయ్యి కూడా లేదు.

ఇది రాస్తున్నది ఆమె ఆడపడుచుని. ఆడపడుచు మరదల్ని పొగడటమా అని ముక్కున వేలేసుకునేవాళ్ళు వేసుకోండి. నేను చదివింది ఊరి బడిలో ఐదో తరగతి. అయినా మా పంతులు తన కూడికలు సరిచూడమని నన్నే లేపేవాడు. పెద్దాసుపత్రిలో దుప్పట్లు ఉతికే విభాగమంతా నా చేతిమీద నడిచింది, మరక మిగిలిన దుప్పటి ఒక్కటి కూడా నా గుమ్మం దాటి వార్డుకి పోలేదు. మా తమ్ముణ్ణి చదివించింది నేను. లిఫ్టుల పనిలో పెట్టించింది నేను. వాడికి ఈ సంబంధం చూసింది నేను. కాబట్టి వాణ్ణి తిట్టే హక్కు నాకుంది, ఇందులో ఆ హక్కు పూర్తిగా వాడుకుంటున్నాను.

మా మరదలు పుట్టుకతో ఈతగత్తె కాదు. చిన్నప్పుడు కాలవలో జారిపడితే జుట్టు పట్టి పైకి లాగారట. ఆ తర్వాత పెళ్ళై, పిల్ల పుట్టి, ఆ పిల్ల పెద్దదయ్యేదాకా ఆమె షవరు కింద నిలబడలేదు, చెంబుతోనే స్నానం. తన కూతురు బడి ఈతపోటీలో నెగ్గిన రోజున, గట్టుమీద చప్పట్లు కొడుతూ మా మరదలు ఏడ్చింది. సంతోషం అనుకున్నాం. "సంతోషం కాదు వదినా, సిగ్గు. అది మునిగిపోతే నేను గట్టుమీద నిలబడి కేకలు పెట్టడం తప్ప ఏమీ చెయ్యలేను," అంది. మర్నాడే మున్సిపాలిటీ కొలనులో పిల్లల తరగతిలో చేరింది. తన మోచేతి ఎత్తు లేని పిల్లకాయల వరసలో నిలబడి, నీళ్ళలో బుడగలు ఊదడం దగ్గర్నించి నేర్చుకుంది. వాళ్ళు ఆమెను "ఆంటీ చేప" అని ఏడిపించేవాళ్ళు. ఆ పేరే నిలిచింది. ఇప్పుడు ఆ పేటలో 'చేప టీచరు' అంటే తెలియని ఇల్లు లేదు.

మా తమ్ముడు పనినుంచి రిటైరయ్యాక పెరట్లో కొలను తవ్వించాడు. వాడి మంచి దాచను. పంపు తనే బిగించాడు, ఫిల్టరులో ఇసుక తనే నింపాడు, మెట్లకి రాయి తనే ఏరాడు. పబ్లిక్ కొలనుకి వెళ్ళడానికి మొహమాటపడే ఆడవాళ్ళు, మోకాళ్ళు పట్టేసినవాళ్ళు, బుగ్గన కన్నీళ్ళ చారలతో భయపడుతూ వచ్చినవాళ్ళు, అందరూ ఆ పెరటికి చేరారు. మొగుడూ పెళ్ళాం పని పంచుకున్నారు. నీళ్ళు వాడివి, ఈత ఆమెది. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టకూడదని ఒప్పందం. చూడముచ్చటగానే ఉందనుకున్నాను. నా మొహం!

మొదటి వేసవి చివర్లో గోడలకి పాచి పట్టింది. ముందు మూలల్లో, తర్వాత మెట్ల కింద, తర్వాత నీళ్ళే పచ్చబడ్డాయి. మా తమ్ముడు క్లోరిన్ పోసి, బ్రష్షుతో గోడలు రుద్దాడు. నీళ్ళు తేటపడ్డాయి. మళ్ళీ పచ్చబడ్డాయి. మళ్ళీ పోశాడు. మందుల కొట్టు మనిషిని మేం 'సీసాలాయన' అంటాం, ఆయన ఒక చిన్న గాజు గొట్టంలో నీళ్ళు పట్టి, చుక్కలు వేసి, నీలంగా మారగానే తలాడించాడు.

"ఫాస్ఫేట్లు సార్. పాచికి మేత. మేత ఉన్నన్నాళ్ళు క్లోరిన్ దాన్ని చంపుతూనే ఉండాలి, అది పుడుతూనే ఉంటుంది."

ఆయన అబద్ధం చెప్పలేదు. మేత తీసేసే మందు ఇచ్చాడు. అది పోస్తే కొలను పాలలాగా తెల్లబడి, మేతంతా సన్నని పొడిగా మారి, ఫిల్టరులో చిక్కుకుంటుంది. ఆ ఫిల్టరుని కడిగి పారబోస్తే పీడ విరగడ. విరగడైంది కూడా, ఒక పది రోజులు. తర్వాత మళ్ళీ పచ్చన. మేత ఎక్కణ్ణించి వస్తోందని సీసాలాయన అడగలేదు, అడిగితే సీసా అమ్ముడుపోదు. మా తమ్ముడూ అడగలేదు. వాడికేం రోగం?

అడిగింది మా మరదలే. పెరటి గోడ పొడుగునా మా తమ్ముడు ఎత్తుగా గులాబీ మడులు కట్టాడు. వాటికి ఎముకల పొడి, పూత పట్టే గుళికలు దోసిళ్ళతో పోస్తాడు. "ఏవండీ, ఆ మడులు నా నీళ్ళలోకి కారుతున్నాయేమో చూడండి," అంది ఒకసారి. "నీళ్ళు నీవి కావు, నావి. నువ్వు ఈత చూసుకో," అన్నాడు వాడు. ఇంకోసారి అడిగితే నవ్వాడు. మూడోసారి అడిగితే పక్కింటాయన ముందు, "మా ఆవిడ ఇంజనీరైంది," అన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. కాదు, చెవిటివాడికైతే వినపడదు. వీడికి వినపడింది.

మరి పాచికి కారణం ఎవరు? వీడి లెక్కలో ఆమె శిష్యురాళ్ళు! వాళ్ళ తలనూనె, వాళ్ళ ముఖం క్రీములు, ఈతబట్టలు ఉతికిన సబ్బు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఒక అట్ట రాసి గేటుకి కట్టాడు: 'శుభ్రంగా లేనివారు నీటిలో దిగరాదు.'

కండక్టరమ్మ గేటు దగ్గర నిలబడి, స్టాపు పేరు అరిచినట్టు పెరడంతా వినబడేలా చదివింది.

"టీచరమ్మా, ఈ స్టాపులో శుభ్రమైనవాళ్ళే ఎక్కాలంట. నేను దిగిపోనా?"

అందరూ నవ్వారు. మా మరదలు నవ్వలేదు. అట్ట పీకి, ముక్కలు చేసి, మొగుడి ఒళ్ళో పోసింది. "సబ్బు గుడ్డలో మిగలకుండా జాడించడం ఎలాగో మీ అక్కనడగండి, ఆవిడ ఆసుపత్రి దుప్పట్లు ఉతికింది," అంది. ఆ మాట నాకు తర్వాత తెలిసింది. గర్వపడ్డాను. అంతకుమించి, నన్ను అడగకుండా ఊరుకున్నందుకు వాడిమీద మండిపోయాను. బట్టల సబ్బువల్ల మేత కొంచెం వస్తుంది, నిజమే. చెరువంత పాచి రాదు.

వానాకాలం మొదట్లో జరగకూడనిది జరిగింది. మెట్టుమీద కంటికి కనపడని పాచి జిగురు. కండక్టరమ్మ దిగుతూ జారి, మణికట్టు మీద పడింది. ఎముక విరిగింది. కమ్మీ వదలడం నేర్చుకున్న మనిషి, వదిలినందుకే పడింది. ఆసుపత్రి నుంచి వచ్చాక మా మరదలు మొగుడి ముందే ఫోను తీసింది. మిగతా ఆడవాళ్ళకి కబురు పంపి తరగతి ఆపేసింది. ఇన్నాళ్ళు పోగేసుకున్న ధైర్యం, ఒక్కొక్కరి చేతులు కమ్మీ నుంచి ఊడదీసిన ఓర్పు, అంతా ఒక జారుడు మెట్టు దగ్గర ఆగిపోయింది.

ఈత నేర్పేవాళ్ళకి ఇంకో ఊళ్ళో శిక్షణ ఇస్తారు, అక్కడే ఉండాలి. దానికి ఎప్పటినుంచో రమ్మంటున్నారు. ఆమె వెళ్ళిపోయింది. వెళ్ళే రోజు నేను అక్కడే ఉన్నాను.

"వాళ్ళు శిక్షణ అయ్యాక అక్కడే ఉద్యోగం చెయ్యమంటున్నారు వదినా. ఉండటానికి గది కూడా ఇస్తారు," అంది బట్టలు సర్దుకుంటూ.

"ఉంటావా?"

"నీళ్ళు నిలిస్తే వస్తాను. ఒకరోజు తేటపడటం కాదు, అది ఆయన చేతనవుతుంది. వాన పడ్డాక కూడా నిలవాలి. నిలవకపోతే ఆ గొయ్యి పూడ్చి, ఆయన గులాబీలు దాంట్లోనే నాటుకోమనండి."

మా తమ్ముడు గుమ్మంలో నిలబడి, "రోషానికేం తక్కువలేదు," అని గొణిగాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఒరేయ్, నీకు రోషం ఉంటే ఈపాటికి ఆ నీళ్ళు అద్దంలా ఉండేవి," అన్నాను. ఆటో కదిలాక నా సంచి లోపల పెట్టి, నేను కదలనని చెప్పాను. కొలను బాగయ్యేదాకా అక్కడే. చిన్నప్పటినుంచి నేను సంచి కింద పెడితే వాడు నోరెత్తడు.

శనివారం వాడి పని చూస్తూ కూర్చున్నాను. చూస్తే గదా తెలిసేది, ఇన్నాళ్ళూ వాడు పని చేస్తుంటే చూసినవాళ్ళు లేరు. ముందు ఫిల్టరులోకి నీళ్ళు ఎదురు తోలి కడిగాడు. ఇసుకలో చిక్కుకున్న చచ్చిన పాచి, మురుగు, అంతా మట్టిరంగు నీళ్ళై గొట్టంలో వచ్చింది. ఆ గొట్టం కొస ఎక్కడుంది? గులాబీ మడుల్లో! తర్వాత పైపు పట్టుకుని, మడుల దగ్గర మొదలుపెట్టి రాతిపలకలన్నీ కడుక్కుంటూ కొలను వైపు వచ్చాడు. పలకల వాలు కొలను వైపే. మడుల కిందినుంచి టీ డికాక్షన్ రంగు నీళ్ళు సన్నగా జారి, అంచు దాటి, కొలనులోకి దిగుతున్నాయి. గుళికల ఎరువు, ఎముకల పొడి, కుళ్ళిన పాచి, అన్నీ కలిసి.

"ఏరా, వాలు ఇటు పెట్టించిన మహానుభావుడెవడు?"

"నేనే అక్కా. పలకల మీద పడ్డ వాన చుక్క కూడా వృథా పోకూడదని. నాన్న ఏం చెప్పేవాడు? మొహం కడిగిన నీళ్ళు మొక్కకి, గుడ్డ జాడించిన నీళ్ళు గడపకి."

"నాన్న గడప కడిగిన నీళ్ళు తాగే కుండలో పొయ్యమన్నాడా?"

వాడు పైపు కట్టేసి నిలబడ్డాడు.

మా ఇంటి పొదుపు నాకు తెలియంది కాదు. మా నాన్న బావి నుంచి కావడితో నీళ్ళు మోసుకొచ్చి మమ్మల్ని పెంచాడు, ఇప్పటికీ నేను కుళాయి కారుతుంటే నిద్రపోలేను. ఆ పొదుపు మంచిదే, దాన్ని ఎవరు తప్పన్నా ఒప్పుకోను. కానీ నీళ్ళు దాచుకోవడం వేరు, మురుగు దాచుకోవడం వేరు. వీడు ఫిల్టరుతో తీసిన మేతని మడుల్లో పోసి, మడుల నుంచి మళ్ళీ కొలనుకి వడ్డిస్తున్నాడు. కొట్టంలో గడ్డి ఒక గుమ్మంలోంచి ఊడ్చి, ఇంకో గుమ్మంలోంచి బండెడు తోలుతున్నాడు. సీసాల మీద సీసాలు పోయించుకుని కొలను ఏం బాగుపడుతుంది? పెళ్ళాం మూడుసార్లు వేలు పెట్టి చూపించిన చోటే ఉంది తప్పంతా!

"పూలు ఏం పాపం చేశాయక్కా," అన్నాడు ఇంకా.

"పూలు కాదురా, నువ్వు," అన్నాను. "ఆ కారే నీళ్ళు పట్టు. సీసాలాయన చుక్కలు వెయ్యి."

వేశాడు. గాజు గొట్టం నీలంగా కాదు, సిరా బుడ్డిలా అయింది. కొలను నీళ్ళు ఎప్పుడూ అంత ముదురుగా రాలేదు. వాడు ఆ గొట్టాన్ని వెలుతురుకి అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది చెప్పింది," అన్నాడు మెల్లగా. 'ఇది' అంటే పెళ్ళాం. ఆమె ఎదురుగా ఉన్నప్పుడు ఆ మాట అనడానికి వాడి నోట్లో ఏం అడ్డం పడిందో, అది ఆ దేవుడికే తెలియాలి.

పని మొదలుపెట్టించాను. మడులు తవ్వి, మన్ను తోపుడుబండిలో వీధివైపు ముంగిట్లోకి చేరేశాం. గులాబీలు బతికినవి బతికాయి. పలకలకీ కొలను అంచుకీ మధ్య కాలవ కోయించి, దాన్ని సందులోని మురుగు కాలవకి కలిపాం. ఫిల్టరు కడిగిన నీళ్ళు కూడా ఇక అటే. మొదటిసారి ఆ నీళ్ళు సందులోకి పోతుంటే వాడు చూడలేక లోపలికి వెళ్ళిపోయాడు. పోనీ అని జాలిపడలేదు. కండక్టరమ్మ కట్టు గుర్తొచ్చింది.

ఆ తర్వాత గోడలు రుద్దాం. నేనంటే నేనే, మోకాళ్ళ నొప్పులతో మెట్లమీద కూర్చుని బ్రష్షు పట్టాను. ఆసుపత్రిలో పడకల చక్రాలు రుద్దిన చెయ్యి ఇది. క్లోరిన్ పడిపోకుండా రోజూ చూశాం, ఎందుకంటే మేత తగ్గినా పాచిని చంపేది క్లోరినే. చచ్చిన పాచిని నీళ్ళలో కుళ్ళనివ్వకుండా పైకి లాగేశాం, కుళ్ళితే అదే మళ్ళీ మేత. అన్నీ అయ్యాక, ఆఖర్న, మేత తీసే మందు ఒక్కసారి. కొలను పాలరంగైంది. ఫిల్టరు మీది ప్రెషరు ముల్లు పైకెక్కిన ప్రతిసారీ కడిగాడు మా తమ్ముడు, తిట్లు తింటూ. తేటపడ్డాయి నీళ్ళు. నేను పొంగిపోలేదు. తేటపడటం చాలాసార్లు చూశాం.

వాన కోసం ఎదురుచూశాం. వచ్చింది, అలా ఇలా కాదు, కుంభవృష్టి. మా తమ్ముడు గొడుగేసుకుని కాలవ పక్కనే నిలబడ్డాడు. పలకల నీళ్ళన్నీ కాలవలోకి దిగి సందులోకి పోయాయి. కొలనులోకి పైనుంచి పడ్డ చినుకు తప్ప ఏదీ రాలేదు. ఎండ కాసింది, మళ్ళీ వాన పడింది, మళ్ళీ ఎండ కాసింది. ఇదివరకైతే ఇన్ని రోజులకి నీళ్ళు ఆకుపచ్చగా అయిపోయేవి. చుక్కలు వేస్తే గొట్టంలో నీలం ఉందా లేదా అన్నంత పలచన.

కండక్టరమ్మని పిలిపించాం. చేతికట్టు మెడలో వేలాడేసుకుని వచ్చి, చెప్పులు విడిచి, మెట్టుమీద మంచి చేత్తో రుద్ది చూసింది. గోరు కిందికి జిగురు రాలేదు.

"బస్సు బాగానే ఉంది సార్," అంది మా తమ్ముడితో. "డ్రైవరుని మారిస్తే ఎక్కుతాను."

వాడు తల దించుకుని, "మారుస్తున్నాం," అన్నాడు.

మా మరదలికి ఫోను చేశాను. ఎలా ఉన్నావనైనా అననివ్వలేదు.

"వాన పడిందా వదినా?"

"పడింది. రెండు వానలు."

"మెట్ల కింద, లోపలి వైపు వేలుపెట్టి చూశారా? నిచ్చెన వెనక?"

"నేనే చూశాను. నేను చూస్తే మరక మిగులుతుందా?"

అవతల ఎవరో పిల్లలకి ఈల వేస్తున్న చప్పుడు. తర్వాత, "ఆయన్ని పిలవండి," అంది. ఫోను వాడికిచ్చి, అక్కడే నిలబడ్డాను. నేనెందుకు పక్కకి వెళ్ళాలి?

వాడు చాలాసేపు విన్నాడు. "సరే," అన్నాడు. "సరే, నీదే," అన్నాడు. "చుక్కలు కూడా నువ్వే వెయ్యి," అన్నాడు. "అవును, నువ్వు చెప్పావు. మూడుసార్లు. నేనే విన్లేదు," అన్నాడు. అదే మాట వానాకాలానికి ముందు అని ఉంటే ఒక ముసలి ఎముక విరిగేది కాదు, ఒక ఇల్లు ఇన్నాళ్ళు బోసిపోయేది కాదు. అందుకే నా కోపం ఇంకా తగ్గలేదు, ఈ రాత చదివి వాడు నొచ్చుకుంటే నొచ్చుకోనీ. ఇకనుంచి నీళ్ళు ఆమెవి, ఈతా ఆమెదే. వాడికి మిగిలింది పంపు, బ్రష్షు, ఆమె చెప్పిన పని.

అక్కడి ఉద్యోగం వద్దని మా మరదలు వాళ్ళకి చెప్పేసిందట. శిక్షణలో ఆఖరి పరీక్ష ఒకటి మిగిలింది, లోతు నీళ్ళలో మనిషిని అడుగునుంచి పైకి తెచ్చేది. ఒకప్పుడు జుట్టు పట్టి ఎవరో పైకి లాగిన పిల్ల ఆ పరీక్షకి దిగబోతోంది. నెగ్గుతుందా అని నన్నెవరూ అడగొద్దు, నేను చూసి తెచ్చిన పిల్ల. తరగతికి రావలసిన ఆడవాళ్ళందరికీ కబురు నేనే పంపాను. ఆమె బండి దిగేది పందొమ్మిదో తేదీ, బుధవారం పొద్దున.